భారత పార్లమెంటు, దేశ రక్షణ విధానం

యుద్ధం ఎప్పుడు చేయాలో, సైన్యాన్ని ఎక్కడ మోహరించాలో నిర్ణయించే అధికారం భారతదేశంలో కేంద్ర మంత్రివర్గానిది. అందుకు కావలసిన డబ్బు మంజూరు చేసేది, సైన్యం నడవడానికి చట్టం చేసేది, జరిగినదానికి లెక్క అడిగేది పార్లమెంటు. ఈ పని పంపకం రాజ్యాంగంలో స్పష్టంగానే ఉన్నా, లెక్క అడగడం ఆచరణలో బలహీనంగా సాగుతూ వచ్చింది. రక్షణ బడ్జెట్, ఆయుధాల కొనుగోలు, సైనిక నియామకాలు, పింఛన్లు, అంతర్గత భద్రతా చట్టాలు, నిఘా సంస్థల పర్యవేక్షణ, సరిహద్దు భూములు, సైబర్, అంతరిక్ష భద్రత నేడు చట్టసభ సభ్యుల ముందున్న ప్రధానాంశాలు. సభ పట్టుబట్టి అడిగిన సందర్భాల్లో సైనికుడికి మేలు జరిగిందని, చూసీ చూడనట్లు వదిలేసిన చోట లోపాలు శత్రువు వచ్చాకే బయటపడ్డాయని స్వాతంత్ర్యానంతర అనుభవం చెబుతోంది.

రాజ్యాంగ పునాది

రాజ్యాంగం 53వ అధికరణ ప్రకారం త్రివిధ దళాల సర్వోన్నతాధికారం రాష్ట్రపతిది. ఆ అధికారాన్ని చట్టానికి లోబడి వినియోగించాలని అదే అధికరణ చెబుతుంది. ఏడో షెడ్యూలులో దేశ రక్షణ కేంద్ర జాబితాలో మొట్టమొదటి అంశం. సైనికుల ప్రాథమిక హక్కులను క్రమశిక్షణ కోసం ఎంతవరకు పరిమితం చేయాలో నిర్ణయించే అధికారాన్ని 33వ అధికరణ పార్లమెంటుకే ఇచ్చింది. 1950 నాటి సైనిక చట్టం, వైమానిక దళ చట్టం, 1957 నాటి నౌకాదళ చట్టం ఈ అధికారం నుంచే పుట్టాయి.

యుద్ధ ప్రకటనకు పార్లమెంటు ముందస్తు ఆమోదం తప్పనిసరి అని రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు. మంత్రివర్గం లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది కనుక సభ విశ్వాసం ఉన్నంతవరకు నిర్ణయం మంత్రివర్గానిదే. అమెరికాలో 1973 నాటి యుద్ధాధికారాల తీర్మానం అధ్యక్షుడికి గడువులు విధించింది. జర్మనీలో సైన్యాన్ని విదేశాలకు పంపాలంటే చట్టసభ సమ్మతి కావాలని 1994లో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. ఇటువంటి కట్టుబాటు మన దగ్గర లేదు. 1987 జులైలో శ్రీలంకతో ఒప్పందం కుదిరిన వెంటనే శాంతి పరిరక్షక దళం ఆ ద్వీపానికి బయలుదేరింది. సభ ముందుగా ఓటు వేయలేదు. 1990 మార్చిలో ఆ దళం తిరిగొచ్చేసరికి సుమారు 1,200 మంది సైనికులు ప్రాణాలు కోల్పోయారు.

అత్యవసర పరిస్థితి విషయంలో మాత్రం పార్లమెంటు తన చేతిని బలపరచుకుంది. 1962లో చైనా దాడి సమయంలోనూ, 1971లో పాకిస్తాన్ యుద్ధ సమయంలోనూ 352వ అధికరణను ప్రయోగించారు. 1975లో ‘అంతర్గత కల్లోలం’ పేరుతో ప్రయోగించిన తీరు చేదు అనుభవం మిగిల్చింది. 1978 నాటి 44వ సవరణ ఆ మాట తీసివేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని చేర్చింది. ప్రకటనను నెలలోగా ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలని, ఆరు నెలలకోసారి పొడిగింపు కోరాలని నిబంధన పెట్టింది.

సభ చేతిలోని సాధనాలు

ప్రశ్నోత్తరాల సమయం, స్వల్పకాలిక చర్చ, వాయిదా తీర్మానం, గ్రాంట్ల డిమాండ్లపై చర్చ బహిరంగ సాధనాలు. అసలు పని ఎక్కువగా సంఘాల్లో జరుగుతుంది. ప్రజా పద్దుల సంఘం 1921 నుంచి ఉంది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) నివేదికలను అది పరిశీలిస్తుంది. శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో వచ్చాయి. రక్షణ స్థాయీ సంఘంలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. రక్షణ కార్యదర్శి, దళాల ఉపాధిపతులు ఈ సంఘం ముందు కూర్చుని జవాబులు చెబుతారు.

ఈ సంఘం విలువ ఏమిటో 2018 మార్చిలో దేశం చూసింది. సైన్యం వద్ద ఉన్న సామగ్రిలో 68 శాతం పాతబడినదని, 24 శాతం ప్రస్తుత తరానిదని, అత్యాధునికమైనది 8 శాతమేనని నాటి సైనిక ఉపాధిపతి ఇచ్చిన వాంగ్మూలాన్ని సంఘం తన నివేదికలో ప్రచురించింది. మేజర్ జనరల్‌గా పదవీ విరమణ చేసిన బి.సి.ఖండూరీ అప్పుడు అధ్యక్షుడు. అదే నెలలో లోక్‌సభ ఆ ఏటి డిమాండ్లన్నిటినీ గిలటిన్ చేసి, చర్చ లేకుండానే ఆమోదించింది. సంఘం అంత శ్రమపడి బయటపెట్టిన విషయాన్ని సభ గంటసేపైనా చర్చించలేదు. సంఘాల సిఫార్సులు ప్రభుత్వాన్ని కట్టడి చేయవు. సభలో చర్చ జరిగితేనే వాటికి బలం వస్తుంది.

గోప్యతకూ చర్చకూ పొంతన కుదిర్చే మార్గం లోక్‌సభ నియమావళిలోనే ఉంది. సభానాయకుడు కోరితే రహస్య సమావేశం జరపడానికి 248వ నియమం వీలు కల్పిస్తుంది. 1962లో స్వతంత్ర సభ్యుడు ఎల్.ఎం.సింఘ్వీ అలాంటి సమావేశం సూచించగా నెహ్రూ ఒప్పుకోలేదు. సభలో జరిగేది దేశ ప్రజలకు తెలియాలన్నది ఆయన వైఖరి.

చరిత్ర నేర్పిన పాఠాలు

చైనా యుద్ధం సాగుతుండగానే పార్లమెంటు సమావేశమైంది. సమావేశాలు త్వరగా జరపాలని కోరినవారిలో నాటి రాజ్యసభ యువ సభ్యుడు అటల్ బిహారీ వాజపేయి ఒకరు. 1962 నవంబరు 8న సభ మొదలయ్యే ముందురోజే మాజీ రక్షణ మంత్రి వి.కె.కృష్ణ మీనన్ మంత్రివర్గం నుంచి వైదొలగాల్సి వచ్చింది. వారం పాటు సాగిన చర్చలో 150 మందికి పైగా సభ్యులు మాట్లాడారు. సరిహద్దులో సైనికులు కాల్పులు ఎదుర్కొంటుండగా ప్రభుత్వాన్ని సభలో నిలదీశారు. ఐక్యత దెబ్బతినలేదు, నవంబరు 14న సభ ఒక్క గొంతుతో తీర్మానం చేసింది. ఓటమి కారణాలపై తయారైన హెండర్సన్ బ్రూక్స్–భగత్ నివేదికను మాత్రం ప్రభుత్వాలేవీ సభ ముందు పెట్టలేదు.

బోఫోర్స్ వ్యవహారం రెండో పాఠం. 1986లో స్వీడన్ కంపెనీ బోఫోర్స్‌తో 410 శతఘ్నుల కొనుగోలుకు ఒప్పందం కుదిరింది. మరుసటి ఏప్రిల్‌లో స్వీడన్ రేడియో ముడుపుల సంగతి బయటపెట్టింది. బి.శంకరానంద్ అధ్యక్షతన సంయుక్త పార్లమెంటరీ సంఘం ఏర్పడింది. ప్రధాన ప్రతిపక్షాలు అందులో చేరలేదు. 1989లో కాగ్ నివేదిక వచ్చాక ప్రతిపక్ష సభ్యులు లోక్‌సభకు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. విచారణ అవసరమే. అయితే దాని వెంట వచ్చిన భయం కొనుగోళ్లను స్తంభింపజేసింది. సంతకం పెట్టడానికే అధికారులు జంకారు. ఎం777, కె9 వజ్ర శతఘ్నులు 2018 నవంబరులో దళంలో చేరేదాకా సైన్యానికి ఆ స్థాయి ఆధునిక విదేశీ తుపాకీ రాలేదు. 1999లో కార్గిల్ కొండలపై దెబ్బ తీసినవి ఆ బోఫోర్స్ శతఘ్నులే. దళారీని పట్టుకోవాలి, తుపాకీ కూడా సమయానికి రావాలి అనే రెండు బాధ్యతలనూ ఒకేసారి నెరవేర్చడం చట్టసభ ముందు నేటికీ ఉన్న సవాలు.

కార్గిల్ యుద్ధం నాటికి లోక్‌సభ రద్దయి ఉంది. ఆ యుద్ధంలో 527 మంది వీరమరణం పొందారు. కె.సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా సంఘం వేసి, ఆ నివేదికను కొన్ని భాగాలు మినహాయించి 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుంచారు. దాని ఫలితంగా సమీకృత రక్షణ సిబ్బంది వ్యవస్థ, అండమాన్ నికోబార్ ఉమ్మడి కమాండ్, రక్షణ నిఘా సంస్థ ఏర్పడ్డాయి. 1962 నివేదిక బీరువాలోనే ఉండిపోయింది. కార్గిల్ నివేదిక సభకు చేరి సంస్కరణకు దారి తీసింది. పారదర్శకత వల్ల సైన్యానికి ఒనగూరే మేలుకు ఇంతకంటే తేటతెల్లమైన ఉదాహరణ మన చరిత్రలో కనబడదు.

పార్లమెంటు మాట విదేశాంగ నిర్ణయాన్ని ప్రభావితం చేసిన సందర్భమూ ఉంది. 2003 ఏప్రిల్‌లో ఇరాక్‌పై దాడిని గర్హిస్తూ తీర్మానం వచ్చింది. అమెరికా కోరినట్లు అక్కడికి సైన్యాన్ని పంపకూడదని జులైలో భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం నిర్ణయించింది.

2025 ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు బలిగొన్నారు. మే 7న ప్రతీకార సైనిక చర్య ‘ఆపరేషన్ సిందూర్’ మొదలైంది. ప్రత్యేక సమావేశం కోసం ప్రతిపక్షాలు అడిగినా, ఉభయ సభల్లో చర్చ జరిగింది జులై చివరి వారంలోనే. ఈలోగా ఏడు అఖిలపక్ష బృందాలు ప్రపంచ దేశాలకు వెళ్లి భారత వాదన వినిపించాయి. తెలుగునాట నుంచి అసదుద్దీన్ ఒవైసీ, దగ్గుబాటి పురందేశ్వరి, జి.ఎం.హరీష్ బాలయోగి వంటివారు వాటిలో ఉన్నారు.

రక్షణ బడ్జెట్

2025–26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ శాఖకు సుమారు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయించారు. కేంద్ర వ్యయంలో ఇది 13 శాతానికి పైగా. దేశ స్థూల ఉత్పత్తిలో చూస్తే 2 శాతానికి కొంచెం తక్కువ. స్థూల ఉత్పత్తిలో 3 శాతం ఇవ్వాలని స్థాయీ సంఘం పలుమార్లు సిఫార్సు చేసింది. మొత్తం కేటాయింపు కంటే లోపలి పంపకంపైనే సభ్యులు ఎక్కువ దృష్టి పెట్టాలి. ఆ ఏడాది పింఛన్లకు సుమారు 1.60 లక్షల కోట్లు పోగా, కొత్త ఆయుధాలు, నౌకలు, విమానాల కోసం ఉద్దేశించిన మూలధన వ్యయానికి 1.80 లక్షల కోట్లు దక్కాయి.

ఆయుధ ఒప్పందాలు ఏళ్ల తరబడి సాగుతాయి. బడ్జెట్ మాత్రం మార్చి 31తో మురిగిపోతుంది. ఖర్చు కాని నిధులు మరుసటి ఏటికి నిలిచేలా ప్రత్యేక నిధి పెట్టాలన్నది స్థాయీ సంఘం పాత కోరిక. 2021–26 కాలానికి సుమారు 2.38 లక్షల కోట్లతో రక్షణ, అంతర్గత భద్రతల ఆధునికీకరణ నిధిని 15వ ఆర్థిక సంఘం సిఫార్సు చేసింది. కేంద్రం సూత్రప్రాయంగా అంగీకరించింది.

ఆయుధ సేకరణ, స్వదేశీకరణ

2020–24 మధ్య ప్రపంచంలో ఉక్రెయిన్ తరువాత అత్యధికంగా ఆయుధాలు దిగుమతి చేసుకున్న దేశం భారత్ అని స్టాక్‌హోం శాంతి పరిశోధన సంస్థ సిప్రీ లెక్కగట్టింది. రష్యా వాటా తగ్గుతూ 36 శాతానికి వచ్చింది. కొనుగోళ్లు ఫ్రాన్స్, అమెరికా, ఇజ్రాయెల్ వైపు మళ్లాయి. 2020లో కొత్త సేకరణ విధానం, దిగుమతి చేసుకోకూడని సామగ్రి జాబితాలు వచ్చాయి. అదే ఏడాది 74 శాతం వరకు విదేశీ పెట్టుబడిని నేరుగా అనుమతించారు. 2024–25లో రక్షణ ఎగుమతులు 23,622 కోట్ల రూపాయలకు చేరాయి.

లోటు మాత్రం పెద్దదే. వైమానిక దళానికి మంజూరైన యుద్ధవిమాన స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబరు 26న మిగ్-21లు సెలవు తీసుకున్నాక మిగిలినవి 29. వాటి స్థానంలో రావలసిన తేజస్ ప్రాజెక్టు 1983లో మొదలైంది. తొలి స్క్వాడ్రన్ 2016లో ఏర్పడింది. 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు 2021లో, మరో 97 విమానాలకు 2025లో ఒప్పందాలు కుదిరాయి. అమెరికా నుంచి ఇంజన్లు ఆలస్యం కావడం వల్ల అప్పగింత వెనకబడింది. మన రెక్కలకు పరాయి గుండె అమర్చినంతకాలం ఈ చిక్కు తప్పదు. సొంత ఇంజను పరిశోధనకు ఎన్నేళ్లు, ఎంత సొమ్ము ఇవ్వాలో సభ అడిగి తేల్చుకోవాలి.

36 రఫేల్ విమానాల కొనుగోలుపై 2019 ఫిబ్రవరిలో వచ్చిన కాగ్ నివేదికలో ధర అంకెలను మరుగుపరచి, శాతాలు మాత్రమే ఇచ్చారు. సంయుక్త సంఘం వేయాలన్న ప్రతిపక్షం కోరిక నెరవేరలేదు. అంకెలన్నీ బహిరంగంగా చెప్పకూడదంటే, కనీసం ప్రమాణబద్ధులైన కొద్దిమంది సభ్యులకైనా చూపే పద్ధతి ఉండాలి. ఆ పద్ధతి మనకు లేదు.

సైనికులు, నియామకాలు, పింఛన్లు

‘ఒకే ర్యాంకు–ఒకే పింఛను’ వెనుక పార్లమెంటు కృషి ఉంది. మాజీ సైనికుల అర్జీని భగత్ సింగ్ కోష్యారీ అధ్యక్షతన రాజ్యసభ అర్జీల సంఘం విచారించి, 2011 డిసెంబరులో అనుకూలంగా నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం 2015లో దాన్ని ప్రకటించి, 2014 జులై 1 నుంచి వర్తింపజేసింది. సామాన్యుడి అర్జీ లక్షల కుటుంబాల హక్కుగా మారిన తీరు సంఘాల శక్తికి నిదర్శనం.

అగ్నిపథ్ సైనిక నియామక పథకం ఇందుకు భిన్నంగా వచ్చింది. 2022 జూన్ 14న పరిపాలన నిర్ణయంగా ప్రకటించారు. బిల్లూ లేదు, ముందస్తు చర్చా లేదు. ఈ పథకంలో చేరిన అగ్నివీరుల్లో నాలుగేళ్ల సేవ తరువాత 25 శాతం మందినే శాశ్వతంగా ఉంచుకుంటారు. జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో నిరసన హింసాత్మకమై, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. తొలి బృందాల గడువు 2026 చివరి నుంచి ముగుస్తుంది. బయటికొచ్చేవారి ఉపాధి, విధి నిర్వహణలో మరణించిన అగ్నివీరుల కుటుంబాలకు పింఛను, దళాల నైపుణ్యంపై ప్రభావం గురించి సమగ్ర సమీక్ష జరగాల్సిన సమయం ఇదే.

మహిళా అధికారులకు శాశ్వత కమిషన్ 2020లో సుప్రీంకోర్టు తీర్పుతో దక్కింది. చట్టం చేసే సభకంటే ముందు న్యాయస్థానం కదలవలసి రావడం ఆలోచించదగ్గది.

ఉన్నత రక్షణ నిర్మాణం

2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ తొలి త్రివిధ దళాధిపతి అయ్యారు. సైనిక వ్యవహారాల విభాగం కొత్తగా ఏర్పడింది. మూడు దళాలవారు కలిసి పనిచేసే సంస్థల్లో క్రమశిక్షణ అధికారాన్ని ఒకే కమాండర్‌కు ఇస్తూ పార్లమెంటు 2023లో చట్టం చేసింది. మూడు దళాలను ప్రాంతాలవారీగా ఒకే నాయకత్వం కిందికి తెచ్చే థియేటర్ కమాండ్ల ఏర్పాటు దీర్ఘకాలంగా చర్చలోనే ఉంది. పరిమితమైన విమాన బలాన్ని విడగొట్టకూడదన్నది వైమానిక దళం నుంచి వచ్చిన ప్రధాన అభ్యంతరం. దేశానికి బహిరంగ జాతీయ భద్రతా వ్యూహ పత్రమూ లేదు. అణు సిద్ధాంతాన్ని 2003 జనవరిలో క్లుప్తంగా ప్రకటించారు; ముందుగా అణ్వస్త్రం ప్రయోగించబోమన్న హామీ అందులో ఉంది. లక్ష్యమేదో రాతపూర్వకంగా ఉంటేనే నిధులు సరిపోతున్నాయో లేదో సభ తేల్చగలదు.

అంతర్గత భద్రత, పౌరహక్కులు

1985 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం టాడా దుర్వినియోగం ఆరోపణల మధ్య 1995లో కాలం చెల్లింది. 2002 నాటి పోటా 2004లో రద్దయింది. దాని నిబంధనలు కొన్ని 1967 నాటి చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం ఉపాలోకి చేరాయి. ముంబయి దాడుల తరువాత 2008లో జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ చట్టం రోజుల్లోనే ఆమోదం పొందింది. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్ల కేసును ఈ సంస్థే దర్యాప్తు చేయగా, 2016లో నిందితులకు శిక్ష పడింది. 2019 సవరణతో వ్యక్తులను కూడా ఉగ్రవాదులుగా ప్రకటించే అధికారం కేంద్రానికి వచ్చింది. ఉపా కింద బెయిలు దొరకడం కష్టం. విచారణ మొదలుకాకుండానే ఏళ్ల జైలు గడిపినవారున్నారు. సత్వర విచారణ హక్కు భంగమైతే బెయిలు ఇవ్వవచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం అఫ్‌స్పా 1958 నుంచి ఉంది. దాన్ని రద్దు చేయాలని తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి సంఘం 2005లో సిఫార్సు చేసింది. అవసరమైన రక్షణలను ఉపాలోనే చేర్చాలంది. రద్దు జరగలేదు; త్రిపురలో 2015లో, మేఘాలయలో 2018లో ఉపసంహరించారు. 2021 డిసెంబరులో నాగాలాండ్‌లోని ఓటింగ్ వద్ద సైనిక కాల్పుల్లో బొగ్గు గని కూలీలు చనిపోయాక, 2022లో ఈశాన్యంలో చాలా ప్రాంతాలను చట్టం పరిధి నుంచి తప్పించారు. నిరాయుధుడైన పౌరుడికీ, ప్రాణం పణంగా పెట్టిన జవానుకూ న్యాయం చేసే చట్టం రాయడం పార్లమెంటు తీర్చవలసిన పాత బాకీ.

శాంతిభద్రతలు రాష్ట్రాల జాబితాలోవి. 2012లో ప్రతిపాదించిన జాతీయ ఉగ్రవాద నిరోధక కేంద్రం ముఖ్యమంత్రుల వ్యతిరేకతతో ఆగిపోయింది. సరిహద్దు భద్రతా దళం పరిధిని 2021లో 50 కిలోమీటర్లకు పెంచినప్పుడు పంజాబ్, పశ్చిమ బెంగాల్ అభ్యంతరపెట్టాయి.

నిఘా, సైబర్, అంతరిక్షం

ఇంటెలిజెన్స్ బ్యూరో 1887 నుంచి, విదేశీ నిఘా సంస్థ రా 1968 నుంచి పనిచేస్తున్నాయి. వీటి అధికారాలను, హద్దులను నిర్ణయించే చట్టం పార్లమెంటు చేయలేదు. బ్రిటన్ 1994లో చట్టం చేసి నిఘా వ్యవహారాలకు పార్లమెంటరీ సంఘాన్ని ఏర్పరచింది. మనీష్ తివారీ 2011లో లోక్‌సభలో ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. 2021లో పెగాసస్ గూఢచర్య సాఫ్ట్‌వేర్ వాడారన్న ఆరోపణలు రాగానే ఆ లోటు మళ్లీ బయటపడింది. చివరికి సుప్రీంకోర్టే సంఘం వేయవలసి వచ్చింది.

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై సైబర్ దాడితో ఆసుపత్రి సేవలు రోజుల తరబడి కుంటుపడ్డాయి. కీలక సమాచార వ్యవస్థల రక్షణకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమే ఆధారం. 2019 మార్చి 27న ‘మిషన్ శక్తి’ ఉపగ్రహ విధ్వంసక క్షిపణి పరీక్ష విజయవంతమైంది. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా 2017లో వచ్చినా చట్టం కాలేదు.

సరిహద్దు, భూమి, తెలుగు రాష్ట్రాలు

2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గాల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో 20 మంది సైనికులు అమరులయ్యారు. వారిలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ఉన్నారు. ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర లభించింది. సరిహద్దు రహదారులకు భూమి కావాలి. ఆ భూమి చాలాచోట్ల అడవి. అంతర్జాతీయ సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు వ్యూహాత్మక రహదారి వంటి ప్రాజెక్టులకు అటవీ అనుమతుల నుంచి మినహాయింపునిస్తూ 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది.

ఇదే సంఘర్షణ వికారాబాద్ జిల్లా దామగుండంలో ఎదురైంది. జలాంతర్గాములతో సంభాషించే నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అడవి, మూసీ పరీవాహకం దెబ్బతింటాయని స్థానికులు, పర్యావరణవేత్తలు ఆందోళన చెప్పారు. తెలుగు రాష్ట్రాలకు రక్షణ రంగంతో ఇతర బంధాలూ ఉన్నాయి. తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం విశాఖపట్నం. అరిహంత్, అరిఘాత్ అణు జలాంతర్గాములు అక్కడే రూపుదిద్దుకున్నాయి. 1983లో మొదలైన సమీకృత క్షిపణి కార్యక్రమం హైదరాబాద్ ప్రయోగశాలల్లో సాగింది. ఆకాశ్ క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్ 1970లో ఇక్కడే ఏర్పడింది. తెలంగాణలోని ఎద్దుమైలారం కర్మాగారం పదాతి దళ పోరాట వాహనాలు తయారుచేస్తుంది. 2021లో 41 ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా మార్చినప్పుడు సమ్మెలను నిషేధించే చట్టం సభలో గందరగోళం మధ్య ఆమోదం పొందింది. తెలుగు ఎంపీలకు రక్షణ విధానం ఢిల్లీ వ్యవహారం మాత్రమే కాదు. సొంత నియోజకవర్గంలోని ఉద్యోగం, భూమి, నీటికి సంబంధించిన విషయం కూడా.

మూల్యాంకనం

భారత సైన్యం ఎన్నికైన ప్రభుత్వానికి ఎన్నడూ ఎదురు తిరగలేదు. పొరుగు దేశాల చరిత్రతో పోల్చితే ఇది గర్వించదగ్గ సంప్రదాయం. దానికి తగిన పర్యవేక్షణ సభ ఇంకా అందించాల్సి ఉంది. డిమాండ్లపై ఏటా తప్పనిసరి చర్చ, స్థాయీ సంఘానికి సొంత నిపుణులు, రహస్య పత్రాలు చూడగల చిన్న సంఘం, నిఘా సంస్థలకు చట్టం, భద్రతా వ్యూహ పత్రం, విదేశాలకు దళాలను పంపేటప్పుడు నిర్ణీత గడువులో సభ ఆమోదం వంటి సంస్కరణల్లో వేటికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. సభానియమాలు, సాధారణ చట్టాలు చాలు. జవాను ప్రాణానికి పూచీ ప్రజలది. ప్రజల తరఫున ఆ పూచీ మోయవలసింది వారు ఎన్నుకున్న సభ్యులే.